ఇంటర్ అయ్యాక పైలట్: ఏది ముందు, ఏది వెనక

(గుంటూరులో ఒక జూనియర్ కాలేజీ కెరీర్ మీటింగ్‌లో ఏటీఆర్ అనే చిన్న ప్రయాణికుల విమానం నడిపే ఒక కెప్టెన్ మాట్లాడిన మాటలు ఇవి. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం అండీ. వెనక బెంచీలకి వినిపిస్తోందా? ఆఁ సరే. ఫ్యాన్ సౌండ్‌కి నేనే కొంచెం గట్టిగా మాట్లాడతాను.

ముందు వరసల్లో పేరెంట్స్ ఉన్నారు, వెనక పిల్లలున్నారు. పేరెంట్స్ అడిగేది ఎంతవుతుంది అని, పిల్లలు అడిగేది ఎన్నాళ్ళు పడుతుంది అని. రెండూ చెప్తాను గానీ వాటికంటే ముందు ఇంకోటి ఉంది, ఏ పని ముందు చెయ్యాలి ఏ పని తర్వాత చెయ్యాలి అనేది. ఎందుకంటే ఈ లైన్లోకి వచ్చి దెబ్బతిన్నవాళ్ళలో నేను చూసినంతవరకు తెలివి చాలక దెబ్బతిన్నవాళ్ళు తక్కువండీ, వరస తప్పి దెబ్బతిన్నవాళ్ళే ఎక్కువ. పొలం అమ్మి ఫ్లయింగ్ స్కూల్‌కి డబ్బులు కట్టేస్తారు, ఆ తర్వాత మెడికల్‌కి వెళ్తారు, అక్కడ కలర్ బ్లైండ్ అని తేలుతుంది. కల్యాణ మండపం బుక్ చేసి, శుభలేఖలు పంచేసి, అప్పుడు అమ్మాయిని చూడ్డానికి వెళ్ళినట్టు. [నవ్వులు] నవ్వుతున్నారు గానీ జరుగుతోంది.

కాబట్టి మొట్టమొదటి పని మెడికల్. చేతిలోంచి పెద్ద డబ్బు కదలకముందే. ఇందులో క్లాస్ 2 అని ఒకటి, క్లాస్ 1 అని ఒకటి ఉంటాయి. క్లాస్ 2 డీజీసీఏ లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గర చేయించుకోవాలి, మన ఊళ్ళో ఫ్యామిలీ డాక్టర్ ఎంబీబీఎస్ అయినా ఎండీ అయినా కుదరదు, ఆ లిస్టు డీజీసీఏ సైట్‌లో ఉంటుంది. డీజీసీఏ అంటే తెలుసు కదా, ఢిల్లీలో ఉండే విమానయాన శాఖ రెగ్యులేటర్, మీ జీవితంలో ఇక నుంచి వాళ్ళ పేరు మీ ఇంటిపేరు కంటే ఎక్కువసార్లు రాస్తారు. క్లాస్ 2 అయ్యాక క్లాస్ 1. దానికి బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది, ఢిల్లీలో ఇంకో సెంటర్ ఉంది, ఇంకా కొన్ని చోట్ల కూడా చేస్తారు. ఈసీజీ, రక్తం, చెవి, కన్ను, ఎక్స్‌రే అన్నీ చూస్తారు. లైసెన్స్‌కి కావాల్సింది క్లాస్ 1, క్లాస్ 2 వచ్చేసింది కదా అని డబ్బు కట్టెయ్యకండి.

కళ్ళజోడు ఉంటే పనికిరాం అనేది పాత మాట. జోడు పెట్టుకుని చూపు 6/6 వస్తే సివిల్‌లో ఫర్వాలేదు, కాక్‌పిట్‌లో నా పక్కన కూర్చునేవాళ్ళలో సగం మందికి జోడు ఉంటుంది. రంగులు గుర్తుపట్టడం మాత్రం వేరే సంగతి, చుక్కల పుస్తకం చూపించి లోపల అంకె ఏంటి అని అడుగుతారు, అది ఇవాళ గుంటూరులో ఏ కంటి డాక్టర్ దగ్గరైనా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. లేజర్ ఆపరేషన్ చేయించుకుందాం అనుకునేవాళ్ళు చేయించుకోకముందే డీజీసీఏ ఎగ్జామినర్‌ని అడగండి, దానికి వేరే రూల్స్ ఉన్నాయి. టెంపరరీ అన్‌ఫిట్ అని వస్తే కంగారుపడొద్దు. బరువనో రక్తం తక్కువనో రాస్తారు, టైమ్ ఇస్తారు, సరిచేసుకుని మళ్ళీ వెళ్ళొచ్చు.

రెండోది చదువు. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, దానికి రూలు ప్రకారం కావాల్సింది ఇంటర్, అందులో మ్యాథ్స్ ఫిజిక్స్, వయసు 18. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ అయితే 16కే ఇస్తారు. ఇంతే. బీటెక్ అక్కర్లేదు, ఏరోనాటికల్ ఇంజినీరింగ్ అక్కర్లేదు. ఇక్కడ ప్రతి మీటింగ్‌లోనూ ఒక పేరెంట్ నాతో గొడవపడతారు, ఏరోనాటికల్ చదివితే పైలట్ అవ్వడం ఈజీ కదా సార్ అని. కాదండీ. ఏరోనాటికల్ విమానం డిజైన్ చేసే చదువు. ఏఎమ్ఈ అంటే విమానం రిపేరు చేసి సంతకం పెట్టే చదువు. రెండూ మంచివే, కానీ అవి చదివినందుకు డీజీసీఏ ఒక్క గంట ఫ్లయింగ్ కూడా తగ్గించదు. ఏవియేషన్ అని పేరు తగిలించిన బీబీఏలు ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి, వాటిల్లో చాలామటుకు ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ చెప్తారు, బ్రోషర్ మీద మాత్రం కాక్‌పిట్ ఫొటో వేస్తారు. అడగాల్సింది ఒకటే, ఈ కోర్సులో నా లాగ్‌బుక్‌లో, అంటే ఎగిరిన గంటలు రాసే పుస్తకంలో, ఎన్ని గంటలు పడతాయి అని. సున్నా అంటే అది పైలట్ కోర్సు కాదు.

మరి డిగ్రీ వద్దా అంటే, నా అభిప్రాయం అడిగితే కావాలి, కానీ ఫ్లయింగ్‌కి అడ్డం రాకుండా కావాలి. ఎందుకో రెండు వైపులా చెప్తాను. ఎయిర్‌లైన్‌లో అంతా సీనియారిటీ. ఏ రోజు చేరావు అనేదాన్ని బట్టి నీ నంబర్, ఆ నంబర్‌ని బట్టి ఎప్పుడు కెప్టెన్ అవుతావు, ఏ బేస్ వస్తుంది అన్నీ. నీకంటే ఒక్క నెల ముందు చేరినవాడు నీకంటే చిన్నవాడైనా ముందు వాడే. కాబట్టి నాలుగేళ్ళు బీటెక్ చేసి వస్తే నాలుగేళ్ళ వెనక మొదలుపెట్టినట్టు. ఇది ఒక వైపు. ఇంకో వైపు చూడండి, 2012లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2020లో కోవిడ్, 2023 మేలో గో ఫస్ట్. ఆ నాలుగుసార్లూ లైసెన్స్ ఉన్నవాళ్ళు, ఎయిర్‌బస్ మీద వేల గంటలున్నవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. ఇవేవీ లేకపోయినా ఏడాదికోసారి మెడికల్ ఉంటుంది, ఒక్క ఈసీజీ తేడా వస్తే ఆ రోజుతో సీటు ఖాళీ. అప్పుడు చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే కష్టం. అందుకని నేను మధ్యే మార్గం చెప్తాను, ఇంటర్ అవగానే ఫ్లయింగ్ వైపు వెళ్ళండి, పక్కన ఏదైనా ఓపెన్ యూనివర్సిటీలోనో ఇంకెక్కడో దూరవిద్యలో బీకామ్ బీఎస్సీ ఏదో ఒకటి కట్టండి. ఇంట్లో డబ్బు ఇంకా సర్దుబాటు కాలేదు అంటే మాత్రం బీటెక్ చేసుకోండి, ఉద్యోగం చేసి కూడబెట్టుకుని 25కి వచ్చినవాళ్ళూ నాతో ఎగురుతున్నారు, బాగానే ఉన్నారు.

మూడోది పరీక్షలు. డీజీసీఏ పేపర్లు నావిగేషన్, మెటియోరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతి దాంట్లో 70 రావాలి, 69 వస్తే ఫెయిల్. ఇంకా ఆర్‌టీఆర్ అని రేడియో మీద మాట్లాడే పరీక్ష, ఇదివరకు టెలికాం శాఖ వాళ్ళు పెట్టేవాళ్ళు, కొత్త విమానయాన చట్టం వచ్చాక డీజీసీఏ కిందికి వచ్చింది. ఇవన్నీ ఫ్లయింగ్ మొదలుపెట్టకముందు, లేకపోతే కనీసం మొదటి మూడు పేపర్లయినా ముందే కొట్టెయ్యండి. ఎందుకంటే ఫ్లయింగ్ స్కూల్‌లో ఉన్నప్పుడు రూమ్ అద్దె, మెస్ బిల్లు నడుస్తూ ఉంటాయి, పేపర్ ఫెయిలై కూర్చుంటే ఆ ఖర్చంతా ఊరికే పోతుంది, ఇంట్లో కూర్చుని చదువుకుంటే అమ్మ అన్నం పెడుతుంది. ఇంకోటి, ఈ పేపర్లు పాసవ్వలేకపోతే 50 లక్షలు కట్టకముందే ఆ సంగతి తెలుస్తుంది.

మ్యాథ్స్ ఎంత రావాలి సార్ అని అడుగుతారు. ఐఐటీ మ్యాథ్స్ కాదు. ఒక లెక్క చెప్తాను వినండి. విజయవాడ నుంచి రాజమండ్రికి సెస్నా అనే చిన్న విమానంలో బయల్దేరారు, దూరం దాదాపు 68 నాటికల్ మైళ్ళు. మ్యాప్ మీద గీత గీస్తే ఏలూరు మీదుగా భీమడోలు మీదుగా పోతుంది. 30 మైళ్ళు వెళ్ళాక కిందికి చూస్తే భీమడోలు మీద ఉండాల్సినవాళ్ళు కొల్లేరు వైపుకి 2 మైళ్ళు జరిగిపోయి ఉన్నారు, గాలి తోసేసింది. ఇప్పుడు ఏం చెయ్యాలి? 60 మైళ్ళకి 1 మైలు తప్పితే 1 డిగ్రీ తప్పినట్టు, ఇదొక్క రూలు గుర్తుపెట్టుకోండి. 30కి 2 అంటే 60కి 4, అంటే 4 డిగ్రీలు తప్పారు. మిగిలింది 38 మైళ్ళు, అందులో ఆ 2 మైళ్ళు వెనక్కి రావాలంటే ఇంకో 3 డిగ్రీలు. మొత్తం 7 డిగ్రీలు ఎడమకి తిప్పితే సరిగ్గా రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్ట్ మీదకి వస్తారు. ఇది కాగితం మీద కాదు, ఒక చేత్తో విమానం పట్టుకుని, చెవిలో కంట్రోలర్ మాట్లాడుతుంటే, నోటితో చెయ్యాలి. ఎక్కాలు రావాలి అంతే. ఎక్కాలు నిజంగా రావాలి.

వాతావరణం సబ్జెక్ట్ అయితే మన పిల్లలకి ఇంట్లో చదువు లాంటిదే. జూన్ నుంచి నైరుతి, తర్వాత ఈశాన్యం, బంగాళాఖాతంలో వాయుగుండం, ఇవి మనం చిన్నప్పట్నుంచి వింటున్నవే. శంషాబాద్‌లో రన్‌వే 09, 27 అని తూర్పు పడమరలకి వేశారు, గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి వానాకాలంలో ఎక్కువగా పడమటి ముఖంగా దిగుతాం. వెదర్ రిపోర్ట్‌లో 27012కేటీ అని ఉంటే 270 డిగ్రీల నుంచి, అంటే పడమర నుంచి, 12 నాట్ల గాలి అని. కోడ్ చూస్తే భయమేస్తుంది, వారం రోజులు రోజూ పొద్దున మన గన్నవరం రిపోర్ట్ తీసి చదివితే పేపర్ చదివినట్టు చదివేస్తారు.

ఇక నాలుగోది ఫ్లయింగ్, డబ్బంతా ఉన్నది ఇక్కడే. మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు పీఐసీ, పైలట్ ఇన్ కమాండ్, అంటే బాధ్యత మీది. అందులో 20 గంటలు క్రాస్ కంట్రీ, ఒక్కసారైనా 300 నాటికల్ మైళ్ళ ట్రిప్ వెళ్ళి దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి ఆగాలి. 10 గంటలు ఇన్‌స్ట్రుమెంట్, అంటే బయటికి చూడకుండా మీటర్లు చూసి ఎగరడం, 5 గంటలు రాత్రి ఫ్లయింగ్. దీనికి తోడు మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, రేటింగ్ అంటే లైసెన్స్ మీద వేసే అదనపు అర్హత, ఇవి లేకుండా వట్టి సీపీఎల్ పట్టుకెళ్తే ఎయిర్‌లైన్ గేటు దగ్గరే ఆపేస్తుంది.

ఖర్చు. ఇండియాలో సుమారుగా 45 నుంచి 60 లక్షలు అనుకోండి, స్కూల్‌ని బట్టి. ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఏ 320 గానీ ఏటీఆర్ గానీ 737 గానీ ఆ ఒక్క విమానం నేర్చుకోవడానికి, ఇంకో 15 లక్షలు అటూ ఇటూ. ఎయిర్‌లైన్ వాళ్ళ క్యాడెట్ ప్రోగ్రామ్ అయితే అన్నీ కలిపి కోటి దాకా వెళ్తుంది. క్యాడెట్‌లో లాభం ఏంటంటే ముందే సెలెక్షన్ అయిపోతుంది, చివర్లో ఉద్యోగం ఇస్తాం అంటారు, కానీ ఆ లెటర్‌లో షరతులు ఉంటాయి, కంపెనీ అవసరాన్ని బట్టి అనే ముక్క ఎక్కడో ఉంటుంది. ఆ పేజీ పేరెంట్స్ కూర్చుని చదవండి, వీలైతే తెలిసిన లాయర్ గారికి చూపించండి. బ్యాంకు లోన్ అంటే పెద్ద మొత్తానికి ఇల్లో పొలమో తాకట్టు అడుగుతారు. ఎస్సీ పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోర్సుల లిస్టులో సీపీఎల్ ఉంది, ఈ సంగతి చాలామందికి తెలీదు, సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్ళి ఏ స్కూల్‌కి వర్తిస్తుందో కనుక్కోండి.

ప్రభుత్వ స్కూల్ అంటే యూపీలో ఫుర్సత్‌గంజ్‌లో ఇగ్రువా ఉంది, ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ, ఎంట్రన్స్ రాసి ఇంటర్వ్యూ దాటాలి, రిజర్వేషన్ కూడా ఉంది. సీటొస్తే రెండో ఆలోచన వద్దు. మన దగ్గర హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ ఏవియేషన్ అకాడమీ అనేవాళ్ళు. కడప ఎయిర్‌పోర్ట్‌ని కూడా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్ళకి ఇచ్చే లిస్టులో 2022లో పెట్టింది. ఏ స్కూల్ మంచిది అని నన్ను అడగొద్దు, నేను పేర్లు చెప్పను. 2025 నుంచి డీజీసీఏనే స్కూళ్ళకి ర్యాంకింగ్ ఇస్తోంది, అది చూడండి. చూసి ఊరుకోవద్దు, వెళ్ళండి.

ఎలా వెళ్ళాలో చెప్తాను. ఆదివారం కాదు, మామూలు రోజు, పొద్దున్నే ఆరింటికి. ఆఫీసులో ఏసీ రూమ్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, తాగండి, తాగి బయటికి వచ్చి విమానాలు ఉండే చోటికి వెళ్ళి నిలబడండి. ఎన్ని ఉన్నాయి కాదు, ఎన్ని లేచాయి అని లెక్కపెట్టండి. హ్యాంగర్‌లో పది ఉండి అందులో ఆరింటికి ఇంజిన్ మూత తీసి ఉంటే మీకున్నవి నాలుగే. ఆ నాలుగింటికి ఎంతమంది స్టూడెంట్స్? ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది? మల్టీ ఇంజిన్ విమానం వీళ్ళదేనా, వేరే ఊరు పంపిస్తారా? క్యాంటీన్ దగ్గర కూర్చున్న కుర్రాళ్ళని అడగండి, తమ్ముడూ ఎప్పుడు చేరావు, ఎన్ని గంటలయ్యాయి అని. రెండేళ్ళయింది, 80 గంటలయ్యాయి అన్నాడంటే ఇంక ఆఫీసులో వాళ్ళు చెప్పేది వినక్కర్లేదు. బ్రోషర్‌లో ఏడాది అని ఉంటే ఏడాదిన్నర వేసుకోండి. ఉత్తరాదిలో చలికాలం పొగమంచు, మన వైపు వానాకాలం మబ్బులు, ఎండాకాలం మధ్యాహ్నం వేడి గాలికి చిన్న విమానం ఎగిరెగిరి పడుతుంది, కాబట్టి ఏడాదిలో 12 నెలలూ ఎగరరు. మిగిలిపోయిన పేపర్లుంటే ఆ వానాకాలంలో రాసేసుకోండి.

డబ్బు ఒకేసారి కట్టొద్దు. ఇది పేరెంట్స్ కాస్త గట్టిగా రాసుకోండి. ఒకేసారి కడితే 3 లక్షలు డిస్కౌంట్ అంటారు, వద్దు. ఎన్ని గంటలు ఎగిరితే అన్ని గంటలకి, విడతల వారీగా. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఫారిన్ సంగతి, అమెరికా, సౌత్ ఆఫ్రికా, న్యూజిలాండ్, ఇలా చాలామంది వెళ్తున్నారు. అక్కడ వాతావరణం కలిసొస్తే తొందరగా అవుతుంది. కానీ అక్కడి లైసెన్స్ ఇక్కడ చెల్లదు, వచ్చి కన్వర్షన్ చేసుకోవాలి, డీజీసీఏ పేపర్లు రాయాలి, మెడికల్ కావాలి, ఇక్కడి గంటల లెక్క సరిపోవాలి. కొందరు అక్కడి రూల్ ప్రకారం గంటలు పూర్తి చేసుకుని వచ్చి చూస్తే ఇక్కడి పీఐసీ 100కి తక్కువ పడతాయి, మళ్ళీ ఇక్కడ విమానం అద్దెకి తీసుకుని ఎగరాలి. ఎక్కేముందే ఇండియా లెక్క ప్రింట్ తీసుకుని అక్కడి ఇన్‌స్ట్రక్టర్ చేతిలో పెట్టండి.

ఖర్చే లేని దారి ఒకటుంది, ఎయిర్‌ఫోర్స్. ఇంటర్‌లో మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉంటే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఆ పరీక్ష యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. 2022 నుంచి అమ్మాయిలు కూడా చేరుతున్నారు. ఫ్లయింగ్ ట్రైనింగ్ మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోనే. మన విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ఎంతోమంది వెళ్ళారు. అక్కడ పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే, తప్పితే ఫ్లయింగ్ బ్రాంచ్‌కి మళ్ళీ ఛాన్స్ లేదు, మెడికల్ కూడా సివిల్ కంటే గట్టిగా ఉంటుంది. ఫ్రీగా పైలట్ అవుదాం అని మాత్రం వెళ్ళొద్దు, అది ముందు సైన్యం, తర్వాతే విమానం.

సరే, ఫ్లయింగ్ ఎలా ఉంటుందో కూడా కొంచెం చెప్పాలి కదా, అంతా డబ్బు గొడవే అయింది. మొదటి రోజు మీరు విమానం ఎక్కుతారు అనుకుంటారు, కాదు, చుట్టూ తిరుగుతారు. రెక్క కింద ఒక చిన్న వాల్వ్ ఉంటుంది, దానికి ప్లాస్టిక్ గ్లాసు లాంటిది నొక్కి కొంచెం పెట్రోలు పట్టాలి. ఏవ్‌గ్యాస్ అంటాం, లేత నీలం రంగులో ఉంటుంది. గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తే అడుగున రంగులేని బుడగలా కనిపిస్తే అది నీళ్ళు, రాత్రి మంచుకి ట్యాంకులో చేరిన నీళ్ళు. పారబోసి మళ్ళీ పట్టాలి, నీలం ఒక్కటే వచ్చేదాకా. ఆ నీళ్ళు ఇంజిన్‌లోకి వెళ్తే లేచాక 300 అడుగుల మీద ఆగిపోవచ్చు. ఇది ఎవరూ చూడకపోయినా చేసే పిల్లాడిని ఇన్‌స్ట్రక్టర్ దూరం నుంచే కనిపెడతాడు. సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, ముందుగా పంపేది ఆ పిల్లాడినే, ల్యాండింగ్ బాగా చేసేవాడిని కాదు.

లైసెన్స్ వచ్చాక వెంటనే ఉద్యోగం అనుకోకండి. 2023లో డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది, అంతకు ముందు ఏడాది 1,165. అదే 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్ ఇచ్చాయి. పేపర్లో ఈ రెండోది పెద్ద అక్షరాలతో వస్తుంది, చూసి పరిగెత్తుకొస్తారు. ఆ విమానాలు ఒక్క రోజున రావు, ఏళ్ళ తరబడి వస్తాయి. కొరత ఉండేది కెప్టెన్లకి, 200 గంటల కుర్రాళ్ళకి కాదు. కెప్టెన్ అవ్వాలంటే ఏటీపీఎల్ అని సీపీఎల్ పైన ఇంకో లైసెన్స్, దానికి 1,500 గంటలు కావాలి. కాబట్టి సీపీఎల్ తర్వాత ఒక ఏడాది ఖాళీ వేసుకోండి, ఆ ఏడాది అప్పు వడ్డీ ఎలా కట్టాలో ముందే లెక్క వేసుకోండి. ఖాళీలో ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేస్తే గంటలు పెరుగుతాయి, జీతం కూడా వస్తుంది.

ఇంక మీరు అడగండి.

[విద్యార్థిని: సార్, నాది బైపీసీ. నేను అవ్వలేనా?]

అవ్వొచ్చమ్మా. ఫిజిక్స్ ఉంది నీకు. మ్యాథ్స్ ఒక్కటి ఓపెన్ స్కూల్‌లో, ఎన్‌ఐఓఎస్‌లో, ఇంటర్ స్థాయిలో రాసి పాసవ్వు. చాలామంది అలాగే వచ్చారు. ఇప్పుడే ఫస్ట్ ఇయర్ అయితే సెకండియర్ సెలవుల్లో మొదలుపెట్టు. అన్నట్టు మన దేశంలో ఆడపిల్లలు పైలట్లుగా ఉన్న శాతం ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువ, ఇంట్లో ఎవరైనా అంటే ఈ మాట చెప్పు.

[ఒక తండ్రి: సార్, మావాడికి ఇంగ్లీష్ అంతంతమాత్రం. తెలుగు మీడియం.]

మాది కూడా తెలుగు మీడియమేనండీ, పదో తరగతి దాకా. వీళ్ళకి కావాల్సింది షేక్స్‌పియర్ ఇంగ్లీష్ కాదు. ఐకావో, అంటే అంతర్జాతీయ విమానయాన సంస్థ, వాళ్ళ లెవెల్ 4 అని ఒక టెస్ట్ ఉంటుంది, అవతలివాళ్ళు చెప్పింది అర్థమై, మనం చెప్పింది వాళ్ళకి అర్థమైతే చాలు. రేడియోలో వాడే మాటలు మహా అయితే కొన్ని వందలు. యాస ఫర్వాలేదు. స్పీడ్ తగ్గించి మాట్లాడమనండి, మనవాళ్ళ ఇబ్బంది అక్కడే, రేడియో నొక్కగానే తొందర.

[విద్యార్థి: సార్, జీతం ఎంత?]

[నవ్వులు] వచ్చింది ప్రశ్న. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు స్టైపెండ్ తక్కువ బాబూ, కొన్ని చోట్ల మీ నాన్నగారే ఇంకా పంపించాలి. ఫస్ట్ ఆఫీసర్ అయ్యాక లక్షల్లోనే ఉంటుంది, కానీ అది ఎన్ని గంటలు ఎగిరావు అనేదాన్ని బట్టి మారుతుంది, నెలనెలా ఒకేలా రాదు. అందుకని ఈఎమ్ఐ లెక్క వేసేటప్పుడు తక్కువ నెల జీతం మీద వెయ్యి, ఎక్కువ నెల మీద వెయ్యకు.

[ఒక తల్లి: బాబుకి 16 ఏళ్ళు, ఇప్పుడే ఏం చెయ్యాలి సార్?]

ఇప్పుడు చెయ్యాల్సింది తక్కువేనమ్మా. ఈ నెలలో కళ్ళు, రంగులు చూపించండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, ఇంటిపేరు ఒక దాంట్లో ముందు ఒక దాంట్లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి, డీజీసీఏ ఆన్‌లైన్ అప్లికేషన్ ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి వస్తుంది, మన తెలుగువాళ్ళకి ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. తర్వాత ఇంటర్ పాసవ్వనివ్వండి. పాసయ్యాక క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. ఆ క్లాస్ 1 కాగితం వచ్చేదాకా ఏ స్కూల్ వాడు ఫోన్ చేసినా, సీట్లు అయిపోతున్నాయి అన్నా, అడ్వాన్స్ పంపొద్దు. సీట్లు అయిపోవు, నేను చెప్తున్నాను కదా.

ప్రిన్సిపల్ గారు గడియారం చూస్తున్నారు. మెడికల్ గురించి అడగాలనుకునేవాళ్ళు, అందరి ముందు అడగలేనివి ఉంటాయి కదా, నేను కింద స్టాఫ్ రూమ్‌లో ఒంటిగంట దాకా ఉంటాను. రిపోర్టులు ఉంటే పట్టుకురండి.